రాయి పేరు బిల్లు మీద రాయండి

పెళ్లిళ్ల రోజుల్లో ఏ ఊరి బంగారం షాపుకైనా వెళ్లి, పాత నగలు తీసుకునే కౌంటర్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఓ నడివయసు ఆవిడ వేలికున్న కెంపుటుంగరం తీసి ఇస్తుంది. కుర్రాడు తూస్తాడు. పట్టకారుతో రాయి ఊడదీసి పక్కన పెడతాడు. మళ్లీ తూస్తాడు. "రాళ్లకు రేటు రాదమ్మా, బంగారం బరువొక్కటే లెక్క" అంటాడు. ఆవిడ ఆ రాయిని కొంగు చివర ముడేసుకుని, చెప్పిన లెక్కకు తలూపుతుంది. అదే షాపులో, అదే కప్పు కింద, నాలుగడుగుల అవతల ఇంకో కౌంటర్లో అలాంటి ఉంగరమే ఇంకొకావిడ ముందు వెల్వెట్ పళ్లెంలో మెరుస్తుంటుంది. "ఒరిజినల్ జాతి కెంపు మేడమ్, తరతరాలుంటుంది, రేపు మీ కోడలికి పెట్టొచ్చు" అని ఇంకో కుర్రాడు చెబుతుంటాడు.

ఈ రెండు మాటల్లో ఒకటి అబద్ధం. రాయికి విలువ ఉంటే తిరిగి తీసుకునేటప్పుడు ఎందుకు లేదంటున్నారు? లేకపోతే అమ్మేటప్పుడు వేలకు వేలు ఎందుకు పుచ్చుకున్నారు? వాడిన సరుకు తిరిగి అమ్మితే ధర తగ్గుతుంది, అది ఎవరికైనా తెలిసిందే. కారు తగ్గుతుంది, ఫ్రిజ్ తగ్గుతుంది. కానీ సున్నా కాదు. తన చేత్తో తానే అమ్మిన రాయిని చూసి "ఇది సున్నా" అనగలిగిన వ్యాపారికి, అమ్మిన రోజునే అది ఏమిటో తెలుసు. తెలియకుండా అమ్మాడంటారా, అది ఇంకా పెద్ద తప్పు.

ఇప్పుడు ఆ ఉంగరం బిల్లు తీసి చూడండి. బంగారం దగ్గర అన్నీ ఉంటాయి: 22 క్యారెట్లు, 916, నికర తూకం మిల్లీగ్రాములతో సహా, తరుగు ఇంత శాతం, హాల్‌మార్క్ చార్జీ ఇంత, జీఎస్టీ ఇంత. రాయి దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాట: "స్టోన్." లేదా "కలర్ స్టోన్ చార్జెస్". పక్కన ఓ అంకె. ఏ రాయి? చెప్పరు. గనిలో పుట్టిందా, కొలిమిలో పుట్టిందా? రాయరు. దానికేం చేశారు, కాల్చారా, నూనె పట్టించారా, గాజు పోశారా? ఊసే ఉండదు. ఉంగరం ధరలో సగం బంగారానిది, సగం రాయిది అయినప్పుడు, ఒక సగానికి పది వివరాలు, రెండో సగానికి ఒక్క మాట. ఈ ఒక్క మాట మీదే నా పోట్లాటంతా. రాయి పేరు, పుట్టుక, దానికి చేసిన చికిత్స, బరువు బిల్లు మీద రాసివ్వని షాపులో రంగురాయి ఉంగరం కొనకండి. ఎంత పెద్ద షాపైనా సరే, ఎంత తెలిసినవాళ్లైనా సరే, కొనకండి.

బంగారం విషయంలో మనం ఇక్కడిదాకా ఊరికే రాలేదు. ఒకప్పుడు 22 క్యారెట్లని చెప్పి 18 అంటగట్టిన షాపులు ఊరూరా ఉండేవి. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేయడం మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి హాల్‌మార్క్ నగ మీదా అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ ఉండాలన్నారు. ఆ ఆరు గుర్తులూ ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ ఎక్కడ పరీక్షించారో, స్వచ్ఛత ఎంతో కనిపిస్తుంది. మంచి పని జరిగింది. కానీ ఆ ముద్ర లోహానికి మాత్రమే. దాని మీద కూర్చున్న రాయి గురించి హాల్‌మార్క్ ఒక్క ముక్క కూడా చెప్పదు. అయినా రాయి అసలుదేనా అని అడిగిన మనిషికి ఉంగరం లోపలి హాల్‌మార్క్ చూపించి "చూడండి మేడమ్, గవర్నమెంట్ గ్యారంటీ" అంటున్నారు. ఇది నోటితో చేసే మోసం. కాగితం మీద ఎక్కడా దొరకదు, అందుకే ఇంత ధైర్యం.

"స్టోన్" అన్న ఆ మాట వెనక ఏమేం దాక్కోవచ్చో కెంపునే తీసుకుని చెబుతాను.

కెంపు అంటే అల్యూమినియం ఆక్సైడ్, కొరండం అనే ఖనిజం. అందులో చేరిన క్రోమియం ఎరుపునిస్తుంది. అదే ఖనిజంలో ఇనుము, టైటానియం చేరితే నీలం. సహజ రత్నాల్లో వజ్రం తర్వాత అంత గట్టిది. బర్మాలోని మొగోక్ లోయ కెంపులు లోకప్రసిద్ధం. ఇప్పుడు మార్కెట్‌లోకి మొజాంబిక్‌లోని మోంటెప్యూజ్ నుంచి పెద్ద ఎత్తున వస్తున్నాయి. భూమిలోంచి తీసిన కెంపుల్లో ఎక్కువ భాగాన్ని కాలుస్తారు. ఎక్కువ వేడి మీద రంగు తేరుకుంటుంది, లోపలి మసక తగ్గుతుంది. ఇది పాత పద్ధతే, వ్యాపారం ఒప్పుకున్నదే, చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. కాల్చని మంచి కెంపు ధర మాత్రం కాల్చినదానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. అంటే ఇక్కడే, అసలు కెంపుల్లోనే, ఒకే రంగు ఒకే బరువు ఉన్న రెండు రాళ్లకు ధర పూర్తిగా వేరు. ఆ తేడా మీ కంటికి కనిపించదు. నా కంటికీ కనిపించదు.

తర్వాతది కొలిమి కెంపు. ఫ్రాన్స్‌లో ఆగస్ట్ వెర్నుయ్ అనే రసాయన శాస్త్రవేత్త అల్యూమినా పొడిని మంటలో కరిగించి, బొట్టుబొట్టుగా పేర్చి కెంపు పెంచే పద్ధతిని 1902లో లోకానికి చెప్పాడు. గంటల్లో తయారవుతుంది. అదే ఖనిజం, అదే గట్టిదనం, అదే ఎరుపు. మీ నాన్నగారి హెచ్‌ఎంటీ గడియారం మీద "17 జ్యువెల్స్" అని ఉండేది గుర్తుందా? ఆ పదిహేడూ ఇలాంటి కెంపులే, చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టినవి. చేతి గడియారంలో పదిహేడేసి పెట్టగలిగారంటే అవెంత చవకో ఆలోచించండి. ఈ రాయి అందంగానే ఉంటుంది. దాన్ని దాని పేరుతో, దాని ధరకు అమ్మితే నేనే కొనమంటాను. నూట ఇరవై ఏళ్లుగా ఫ్యాక్టరీలో తయారవుతున్న రాయిని "జాతి కెంపు" అని క్యారెట్ వేలల్లో అమ్మడం మాత్రం జేబు కొట్టడమే.

అన్నిటికంటే ఘోరమైనది గాజు పోసిన కెంపు. 2004 ప్రాంతం నుంచి ఇది బజారును ముంచెత్తింది. గనిలో దొరికే కొరండంలో నగకు పనికిరాని, పగుళ్లతో నిండిన, గులకరాయిలా మసకబారిన ముక్కలుంటాయి. వాటిని యాసిడ్‌తో కడిగి, పగుళ్లలో సీసం కలిసిన గాజును కరిగించి పోస్తారు. పగుళ్లు మాయమవుతాయి, రాయి అద్దంలా మెరుస్తుంది. కొన్నిట్లో గాజు ఎంత ఎక్కువంటే, అది తీసేస్తే రాయి ముక్కలై రాలిపోతుంది. టోకు బజారులో క్యారెట్ వందల్లో దొరికే సరుకు. పైగా "నేచురల్" అని అమ్మినవాడు నూటికి నూరు పాళ్లూ అబద్ధమాడినట్టు కూడా కాదు, ఎందుకంటే అందులో కొంత నిజంగానే గనిలోంచి వచ్చింది. వాళ్లు ఆడుకునే చోటు అదే.

సీసం గాజుకు పులుపు పడదు. నిమ్మరసం తగిలితే చాలు, పైన తేలిన గాజు తినేసుకుపోయి గీతలు పడతాయని రత్నశాస్త్రజ్ఞులు పరీక్షించి చూపించారు. మన ఇళ్లలో ఆడవాళ్ల చేతులు నిమ్మకాయ ఊరగాయలో, చింతపండు పులుసులో, మామిడికాయ ముక్కల్లో మునగని రోజేది? మా పిన్ని కెంపుటుంగరం బిగుతైతే సాగదీయమని ఓ షాపులో ఇచ్చింది. మంట తగిలి, ఆ తర్వాత పని అయ్యాక ముంచే యాసిడ్ నీళ్లలో పడి, తిరిగి వచ్చేసరికి ఆ రాయి మీద తెల్లటి సాలెగూడు పాకినట్టుంది. షాపువాళ్లు అన్న మాట ఇప్పటికీ నా చెవిలో మంటలా ఉంది: "మీరు సరిగ్గా వాడుకోలేదమ్మా." పదిహేనేళ్లు ఆ ఉంగరాన్ని దేవుడి గూట్లో పెట్టి, పండక్కి మాత్రమే వేలికి పెట్టుకున్న మనిషితో అన్న మాట అది. అసలైన కెంపు కంసాలి మంటకు ఇలా చెదిరిపోదు, ఎంతో ఎక్కువ వేడి తట్టుకునే రాయి అది. ఆ రోజు చెదిరింది గాజు. తప్పు చేసినవాడు తప్పు చేయని మనిషి మీదే నింద వేశాడు. పిన్ని నోరెత్తలేదు. బిల్లు ఉంది, దాని మీద "స్టోన్" అని ఉంది. దేని మీద కొట్లాడుతుంది?

కెంపు ఒక్కటే అనుకోకండి. కనకపుష్యరాగం, అంటే పసుపు రంగు కొరండం, దాని కథ ఇంకా లోతైనది. 2001-02 నాటికి థాయ్‌లాండ్ నుంచి ఉన్నట్టుండి అద్భుతమైన రంగుల్లో కొరండం రాళ్లు వచ్చిపడ్డాయి. కాల్చే మూసలో క్రిసోబెరిల్ ముక్కలు, అంటే మన వైడూర్యం ఏ ఖనిజమో ఆ ఖనిజం ముక్కలు, పడితే దానిలోని బెరీలియం రాయిలోకి ఇంకి, వెలవెలబోయిన రాయిని పసుపుగా, నారింజగా మార్చేస్తుందని తర్వాత తేలింది. లూప్ అనే భూతద్దం పెట్టి చూసినా ఈ చికిత్సను ఖాయంగా పట్టుకోలేం, చాలాసార్లు ఖరీదైన యంత్రాలతోనే తేలుతుంది. సిలోన్ పుష్యరాగం అని మీ అబ్బాయి ఉద్యోగం కోసం కొన్న ఆ పసుపుపచ్చని రాయి సిలోన్‌లో పుట్టిందో, పసుపు రంగు కొలిమిలో తెచ్చుకుందో, అసలు పుష్యరాగమే కాక సిట్రిన్ అనే చవక స్ఫటికమో, కౌంటర్ వెనక నిలబడ్డ కుర్రాడికి తెలిసే అవకాశం లేదు. అయినా అతను ఎంత ధీమాగా చెబుతాడు! పచ్చలో నూనె, రెసిన్ పట్టించడం దాదాపు ప్రతి రాయికీ జరిగేదే. అందులో ఆకుపచ్చ రంగు కలిపిన నూనె పట్టించేవాళ్లూ ఉన్నారు, వేడినీళ్లకో శుభ్రం చేసే యంత్రానికో ఆ నూనె దిగిపోతే మీ పచ్చ వెలవెలబోతుంది. పగడానికి రంగు వేస్తారు. వైడూర్యం పేరుతో గాజు నారల కట్టను అమ్ముతారు.

అడిగితే పరీక్ష చేసి చూపిస్తారు కదా అంటారు కొందరు. ఆ పరీక్షలనే నేను అసహ్యించుకుంటాను. లైట్లు కాస్త తగ్గించి అతినీలలోహిత టార్చి వేస్తారు, కెంపు నిప్పుకణికలా వెలుగుతుంది, మనం నోరెళ్లబెడతాం. కొలిమి కెంపు ఇంకా బాగా వెలుగుతుంది. సహజమైన కెంపుల్లో ఇనుము ఎక్కువున్నవి అసలు సరిగా వెలగవు కూడా. పెన్నులాంటి యంత్రం ఆనించి "బీప్ వచ్చింది చూశారా" అంటారు. అది వేడి ఎంత వేగంగా పాకుతుందో చెబుతుంది, గని కెంపుకూ కొలిమి కెంపుకూ అది ఒకటే. పాలల్లో వేస్తే పాలు గులాబీ రంగుకు తిరుగుతాయంటారు. ఎర్రగాజు వేసినా అదే కనిపిస్తుంది. ఇక ఆ షాపుల దీపాలు. పసుపు వెలుగులో ఎరుపు రాయి మండుతుంది, తెల్లటి వెలుగులో నీలం రాయి మెరుస్తుంది, ఏ ట్రే మీద ఏ దీపం పెట్టాలో వాళ్లకు బాగా తెలుసు. కుందనం పనిలో రాయి వెనక రేకు పెట్టి మూసేస్తారు, రంగు రాయిదో రేకుదో తేల్చలేరు. ఉంగరాన్ని గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూస్తానంటే సెక్యూరిటీ ఒప్పుకోడు అంటారు. అలాగైతే ఆ వెలుతురు చూడని రాయిని అక్కడే వదిలేసి రండి.

"మూడు తరాల షాపండీ, నమ్మకం మీద నడుస్తోంది" అని పెద్దవాళ్లు అంటారు. నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అప్పు పెట్టి, ఆపదలో బంగారం తాకట్టు పెట్టుకుని, పెళ్లికి పది రోజులు ముందే నగలు చేసిచ్చిన కంసాలులు, షావుకార్లు నిజంగా ఉన్నారు. కానీ ఈ రాళ్ల విషయంలో వాళ్ల నమ్మకం ఎవరి మీద? జైపూర్ నుంచో ముంబై నుంచో పొట్లాలు పట్టుకొచ్చే దళారి మీద. అతని నమ్మకం ఇంకో దళారి మీద. ఆ గొలుసులో ఒక్కడి దగ్గర కూడా రాతకోత లేదు. షావుకారు నిజాయితీపరుడైతే తనకు తెలియదని చెప్పాలి, ల్యాబ్‌కి పంపి తేల్చుకుని అమ్మాలి. తెలియని విషయానికి తన తాతగారి పేరు అడ్డం పెట్టడం ఆ తాతగారికి చేసే అవమానం.

ఇప్పుడు అసలు కోపం దగ్గరికి వస్తాను. మన దగ్గర రంగురాళ్లు కొనేవాళ్లలో చాలామంది అందం కోసం కొనరు. భయంతో కొంటారు. కొడుక్కి ఉద్యోగం రాలేదు, కూతురికి సంబంధం కుదరలేదు, భర్తకు ఒంట్లో బాగోలేదు, పంట పోయింది, వీసా తిరిగొచ్చింది. పొద్దున్నే టీవీ పెడితే ఒకాయన కూర్చుని జన్మనక్షత్రం అడిగి, "అయిదు రత్తుల కనకపుష్యరాగం, గురువారం, చూపుడు వేలికి" అంటాడు. కింద ఫోన్ నంబరు తిరుగుతుంటుంది. రాయి చెప్పినవాడూ, రాయి అమ్మేవాడూ ఒకడే అయినప్పుడు ఆ సలహాకు ఏం విలువ ఉంటుంది? వేర్వేరు మనుషులైన చోట కూడా చీటీ రాసి ఫలానా షాపుకే వెళ్లమంటే, ఆ చీటీకి ఎంత ముడుతుందో అడగాలి. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్, 1994లో ఏడో రూల్ స్పష్టంగా చెబుతోంది: రుజువు చేయడం కష్టమైన అద్భుత శక్తులో, అతీత శక్తులో సరుకుకు ఉన్నాయని జనం అనుకునేలా ప్రకటన ఉండకూడదు. రూల్ అమల్లోకి వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. ఆ ప్రోగ్రాములు రోజూ వస్తూనే ఉన్నాయి. చూడాల్సిన అధికారుల ఇళ్లలో టీవీలు లేవా?

జాతకాలు నమ్మొద్దని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. నమ్మేవాళ్లతోనే ఒక మాట చెప్పాలి. రత్నాన్ని పరీక్షించకుండా తీసుకోవద్దని మొదట చెప్పింది మీరు నమ్మే పాత శాస్త్రాలే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఖజానాలోకి వచ్చే రత్నాలను పరీక్షించే అధ్యాయం ఉంది. వరాహమిహిరుడి బృహత్సంహితలో వజ్రానికి, ముత్యానికి, పద్మరాగానికి, మరకతానికి విడివిడిగా అధ్యాయాలున్నాయి, గుణాలతో పాటు దోషాలూ చెప్పాడు. గరుడ పురాణంలోనూ రత్నపరీక్ష ఉంది. దోషమున్న రాయి ధరిస్తే కీడని ఆ గ్రంథాలే చెబుతుంటే, పగుళ్లన్నిటినీ గాజుతో కప్పిన రాయిని మంత్రం చదివి వేలికి తొడిగేవాళ్లు ఏ శాస్త్రం పాటిస్తున్నారు? పరీక్ష అడిగే హక్కు అందరికంటే ఎక్కువ నమ్మేవాడికే ఉంది. అడగడం అపచారం కాదు, అడగకపోవడమే ఆచారం తప్పడం.

నీలం విషయంలో ఓ అలవాటుంది. పడుతుందో లేదో చూసుకోమని మూడు రోజులు దిండు కింద పెట్టుకోవడానికి ఇస్తారు. పీడకలలు వస్తే తిరిగి తీసుకుంటారు. కలల కోసం మూడు రోజులు గడువిచ్చే షాపు, అదే మూడు రోజులు ల్యాబ్‌కి పంపుకోవడానికి ఎందుకు ఇవ్వదు? అడిగి చూడండి. "అలా కుదరదు సార్, మా దగ్గర సర్టిఫికెట్ ఉంది" అంటారు.

ఆ సర్టిఫికెట్ చూడండి. షాపు పేరుతో అచ్చేసిన అట్టముక్క, వెనక దేవుడి బొమ్మ, ముందు "100% ఒరిజినల్". అది సర్టిఫికెట్ కాదు, విజిటింగ్ కార్డు. ల్యాబ్ రిపోర్ట్ అంటే షాపుతో సంబంధం లేని సంస్థ ఇచ్చినది. జైపూర్‌లో 1972లో జెమ్ టెస్టింగ్ లాబొరేటరీగా మొదలై, ఇప్పుడు ఐఐజీజే-ఆర్‌ఎల్‌సీ పేరుతో నడుస్తున్న ల్యాబ్ ఉంది. ముంబైలో జెమ్మాలజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది, జీఐఏ ల్యాబ్ ఉంది. ఐజీఐ కూడా రంగురాళ్లు పరీక్షిస్తుంది. రిపోర్ట్ నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూసుకోవాలి, షాపువాడి ఫోన్లో చూపించింది లెక్కలోకి రాదు. రిపోర్ట్ మీద బరువు, కొలతలు చేతిలోని రాయితో సరిపోవాలి, అందుకని పొదగకముందు విడి రాయిగా పరీక్ష చేయించడం అన్నిటికంటే మేలు. పెద్దక్షరాల్లో "నేచురల్ రూబీ" అని చూసి మురిసిపోయి ఆగిపోకండి. కింద "కామెంట్స్" అని చిన్న అక్షరాల్లో ఓ వరుస ఉంటుంది. వేడి చేసిన జాడలున్నాయనో, సీసం గాజు నింపారనో అక్కడే రాస్తారు. వేలకూ లక్షలకూ మధ్య తేడా ఆ ఒక్క వరుసలో ఉంటుంది. సేల్స్ కుర్రాడి బొటనవేలు సరిగ్గా ఆ వరుస మీదే ఉండటం నేను కళ్లారా చూశాను.

తూకంలో కూడా దెబ్బ తీస్తారు. అయిదు క్యారెట్లంటే ఒక గ్రాము. రాయితో కలిపిన మొత్తం తూకం మీద బంగారం ధర కడితే, గ్రాము బంగారం పదివేలు దాటిన ఈ రోజుల్లో రాయికి ఒకసారి బంగారం ధర, దాని మీద తరుగు, మళ్లీ విడిగా రాయి ధర, మూడుసార్లు చెల్లిస్తున్నారన్నమాట. బిల్లులో నికర బంగారం తూకం రాయాలన్నది నిబంధన. రత్తి లెక్క ఇంకో గందరగోళం. బంగారానికి వాడిన పాత రత్తి 121 మిల్లీగ్రాముల చిల్లర, రాళ్ల దుకాణాల్లో రత్తి అంటే చాలాచోట్ల 182 మిల్లీగ్రాములు. ఏ రత్తో చెప్పకుండా ధర చెబితే ఎటు తిరిగినా వాళ్లకే లాభం. రాళ్ల తూకంలో క్యారెట్ అంటే లోకమంతా 200 మిల్లీగ్రాములే. క్యారెట్లలోనే చెప్పమనండి.

గనిలో పుట్టిన రాయి అన్న మాటను ఇంత చులకనగా వాడటం నన్ను ఇంకో కారణానికి కూడా రగిలిస్తుంది. నర్సీపట్నం దగ్గర గొలుగొండ మండలంలో, కరక కొండల్లో అలెగ్జాండ్రైట్, వైడూర్యం దొరుకుతాయి. రాత్రిళ్లు దొంగచాటుగా తవ్వుతారు. మట్టిపెళ్లలు విరిగిపడి కూలీలు చనిపోయారు. తవ్వినవాడికి కూలి మిగిలింది, రాయి దళారి చేతుల్లో ఊరు దాటిపోయింది. మనుషుల ప్రాణాలు పోయిన చోటినుంచి వచ్చే సరుకు పేరు పెట్టి, గాజు ముక్కను అమ్ముకోవడానికి నోరెలా వస్తుంది?

రంగురాయి కొనొద్దా మరి? కొనండి. ఎర్రటి రాయిని చూసి మనసు పారేసుకోవడం మనిషికి ఎప్పటినుంచో ఉన్నదే. చవకలో నిజమైన రాయి కావాలంటే గార్నెట్ ఉంది. మన తెలంగాణలోనే కొత్తగూడెం వైపు గరీబ్‌పేట దగ్గర దొరికే గార్నెట్లు ప్రాచీన కాలంలో పూసలుగా మారి దూర దేశాలకు వెళ్లాయని ఖనిజశాస్త్రజ్ఞులు పోల్చి చూసి చెబుతున్నారు. దానికి సాధారణంగా ఏ చికిత్సా చేయరు, మోసం చేసి సంపాదించేంత ధరా లేదు. కొలిమి కెంపు కావాలంటే కొలిమి కెంపని రాయించుకుని దాని ధరకే కొనండి. కాల్చిన నీలం కావాలంటే కాల్చినదని రాయించుకుని కొనండి. భయపడి మాత్రం కొనకండి, తొందరపడి కొనకండి, "ఇవాళే ముహూర్తం" అన్న మాటకు కార్డు తీయకండి.

ప్రభుత్వాన్ని నేను అడిగేది ఒక్కటే. బంగారానికి చేసినట్టే, ఒక క్యారెట్ దాటిన ప్రతి రంగురాయి పేరు, సహజమా కృత్రిమమా, ఏ చికిత్స చేశారు, ఎన్ని క్యారెట్లు అన్న నాలుగు వివరాలూ బిల్లు మీద తప్పనిసరి చేయండి. ఒక్క వరుస ఎక్కువ అచ్చేస్తే ఏ షాపూ మునిగిపోదు. అచ్చేయడానికి గింజుకునే షాపు ఏం దాస్తోందో ఆ గింజుకోవడంలోనే తెలిసిపోతుంది. వర్తక సంఘాలు చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు. ముందుకొచ్చిన షాపు పేరు నేను ఊరూరా చెబుతాను.

చట్టం వచ్చేలోగా చేతిలో ఏమీ లేదనుకోకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుడు మాట చెప్పి సరుకు అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతే. 1915కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు మాత్రం రెండేళ్లే. కాబట్టి ఇవాళ బీరువా తెరిచి ఆ ఉంగరం బిల్లు బయటికి తీసి, ముందు తేదీ చూడండి. రెండేళ్లు దాటకపోతే రాయిని ల్యాబ్‌కి పంపి, రిపోర్ట్ రాగానే బిల్లుతో సహా షాపు మేనేజర్ బల్ల మీద పెట్టి, జవాబు రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.